ఆ జబ్బు పేరేమిటో రాయమనండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత మంగళవారం మీ పత్రిక జిల్లా పేజీలో ఒంగోలు నుంచి ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం చదివాను. ఆయన బంధువుకు కంటి లోపల వాపు వచ్చిందట. డాక్టర్లు స్టెరాయిడ్లు ఇచ్చారట, ముఖం ఉబ్బిందట. అవి విషమని తెలుసుకుని మానేసి, ఏదో ఆకు పసరుతో బాగుపడ్డారట. కాబట్టి కంటికి స్టెరాయిడ్లు ఎవరూ వాడవద్దని ఆయన సలహా. ఉత్తరం ముప్ఫై పంక్తులుంది. అందులో జబ్బు పేరు ఒక్కచోట కూడా లేదు.

పంక్తులు లెక్కపెట్టడం దేనికంటే, లెక్కపెట్టగలుగుతున్నాను గనుక. రెండేళ్ళ కిందట శ్రావణంలో నాకు మీ పత్రిక పేరు కూడా కనిపించేది కాదు. ఆ పెద్దమనిషి విషమన్న మాత్రలే మింగి ఈ ఉత్తరం నా చేత్తో రాస్తున్నాను. పొడవైంది, మన్నించండి. కత్తిరించదలిస్తే పక్కల కత్తిరించండి గానీ మధ్యలో కత్తెర పెట్టకండి. జాకెట్లు కుట్టేదాన్ని, ఆ బాధ నాకు తెలుసు.

మాది కావలి. జవహర్ భారతిలో బి.ఏ. చదివాను గానీ, పెళ్ళయిన నాటి నుంచి నా చదువంతా టేపు మీది అంకెలే. శ్రావణ మాసం మాకు కోతల కాలం లాంటిది. వరలక్ష్మీ వ్రతానికి కొత్త చీర కట్టాలంటే కొత్త జాకెట్టు కావాలి, అది గురువారం సాయంత్రానికల్లా చేతికి అందాలి. ఆ ఏడు సరిగ్గా ఆ రోజుల్లో నాకు తలనొప్పి పట్టుకుంది. మెడ బిగుసుకుపోయింది. చెవుల్లో బిట్రగుంట వైపు వెళ్ళే రైలు ఆగకుండా కూత పెడుతున్నట్లు ఒకటే మోత. తలలో దువ్వెన పెడితే మాడు మీద వేడినీళ్ళు పోసినట్లుండేది. రాత్రుళ్ళు మేలుకుని కుడితే రాదా మరి, అన్నారు అందరూ. వీధి చివరి ఆర్.ఎం.పి. గారు ఇంజెక్షను చేసి జ్వరం మాత్రలు ఇచ్చారు.

అయిదో రోజు తెల్లవారి మిషను ముందు కూర్చుంటే సూది కన్నం కనిపించలేదు. నల్ల దారం, ముదురు నీలం దారం ఒకటే అయిపోయాయి. ఇస్త్రీ చేసిన గుడ్డ అంచు అలలు అలలుగా వంకరలు పోయింది. దేన్ని చూసినా సరిగ్గా చూపు పెట్టిన చోటే ఒక మురికినీటి మడుగు, దాని చుట్టూ ఉన్నది మాత్రం అంతో ఇంతో తెలిసేది. కుడికన్ను మూసి చూశాను, ఎడమకన్ను మూసి చూశాను. రెండూ ఒకటే.

అద్దంలో చూసుకుంటే కళ్ళు తెల్లగా కడిగినట్లున్నాయి. ఎరుపు లేదు, పుసి లేదు, నీరు కారడం లేదు. మేము మోసపోయింది ఇక్కడే. కంటికి వాపు అంటే ఎర్రబడి రెప్పలు అతుక్కుపోయే కళ్ళకలకే మనకు తెలుసు. వాపు కంటి వెనక గోడకు వస్తే ముందు వాకిట్లో దాని జాడే ఉండకపోవచ్చు.

కళ్ళజోళ్ళ షాపుకు వెళితే ప్లస్ నంబరు ఒక్కసారిగా పెరిగిందని కొత్త అద్దాలు ఇచ్చారు. రెండు వేల రెండు వందలు. నంబరు పెరిగిన మాట నిజమే. లోపలి పొర కింద నీరు చేరి అది ముందుకు జరిగినందువల్ల పెరిగిందని తరవాత తెలిసింది. వారం తిరగకుండా ఆ నీరు ఎక్కువైంది, అద్దాలు పెట్టెలోకి వెళ్ళాయి. అదే వారం మా పేటలో ఉచిత కంటి శిబిరం పెట్టారు. నిర్వాహకుల పేరు చెప్పను, పుణ్యానికి వచ్చినవారు. టార్చి వేసి చూసి, "శుక్లం లేదమ్మా, నీరసం" అని బి కాంప్లెక్సు మాత్రలు చేతిలో పెట్టారు. శుక్లాల శిబిరాలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ఇలాంటి శిబిరాల వల్లే ఎందరో ముసలివాళ్ళు మళ్ళీ మనవల ముఖాలు చూస్తున్నారు, మా అత్తగారు వారిలో ఒకరు. కానీ శుక్లం వెతకడానికి వచ్చినవారికి శుక్లం ఉన్నదీ లేనిదీ మాత్రమే తెలుస్తుంది. లేదన్నంత మాత్రాన కన్ను బాగున్నట్లు కాదు.

నా జబ్బును మొదట పట్టుకున్నది నెల్లూరులో ఒక చిన్న క్లినిక్ డాక్టరు. ఆయన చేసిన పెద్ద పనల్లా కంట్లో చుక్కలు వేసి, పాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, తలకు దీపం కట్టుకుని లోపలికి చూడటమే. తరవాత ఒక యంత్రం ముందు గడ్డం ఆనించమన్నారు. ఓ.సి.టి. అంటారు. నొప్పి లేదు, సూది లేదు, నిమిషంలో కంటి వెనక పొరలను అడ్డంగా కోసి చూపించినట్లు బొమ్మ వచ్చింది. చదునుగా ఉండవలసిన గీత గుట్టలు గుట్టలుగా లేచి ఉంది, గుట్టల కింద నల్లగా నీటి గుంటలు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న చూపు గురించి కాదు. "తలనొప్పి వచ్చిందా? చెవుల్లో మోత ఉందా?" అన్నారు. నేను చెప్పకుండానే అడిగేసరికి నాకు ఏడుపొచ్చింది.

తరవాత, కంటికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, ఆపరేషను జరిగిందా అని మూడుసార్లు తిప్పి తిప్పి అడిగారు. మిషను సూది ఒకసారి విరిగి ఎగిరి కనుబొమకు గుచ్చుకుంది, కంటికి తగల్లేదు అన్నాను. మచ్చ తడిమి చూసుకుని ఊపిరి పీల్చుకున్నారు. ఎందుకంటే, ఒక కంటికి లోతుగా గాయమైతే వారాల తరవాతో, నెలలకో, ఒక్కోసారి ఏళ్ళకో దెబ్బే తగలని రెండో కన్ను కూడా లోపల ఇలాగే వాస్తుందట. రెండు జబ్బులూ చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయట, గాయం ఉందా లేదా అన్నదే తేడా. గుడ్డివాళ్ళకు చుక్కల లిపి ఇచ్చిన లూయీ బ్రెయిలీ మూడేళ్ళ వయసులో తండ్రి పనిముట్లతో ఆడుకుంటూ తోలు కుట్టే ఆరె ఒక కంట్లో గుచ్చుకున్నాడు. అయిదేళ్ళు వచ్చేసరికి రెండో కన్నూ పోయింది. అది ఈ గాయం వల్ల వచ్చే జబ్బే అయి ఉంటుందని డాక్టర్లు అనుకుంటారు. చీమకుర్తి క్వారీల్లో రాతి పెచ్చు కంట్లో పడ్డవారికి, "ఒకటి పోతే పోయింది, రెండోది ఉందిగా" అని సర్దిచెప్పేవారికి ఈ సంగతి తెలియాలి.

"ఇది నా చేతిలో పని కాదు, రేపటి బండికే వెళ్ళండి" అని ఆయన కాగితం రాసిచ్చారు. మర్నాడు పినాకినిలో చెన్నై వెళ్ళాము. మన జిల్లా వాళ్ళకు కంటికి కష్టం వస్తే మద్రాసు వెళ్ళడం ఈనాటిది కాదు. ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819 నుంచి ఉంది, మా తాతగారు వెళ్ళింది అక్కడికే. మేము వెళ్ళింది వేరొక చోటికి.

అక్కడ మొదటి రోజు మందు ఇవ్వలేదు. మా ఆయనకు కోపం వచ్చింది. చూపు పోతుంటే నెత్తురు గీసి పరీక్షలు చేస్తారేమిటని. షుగరు, ఛాతీ ఎక్స్‌రే, క్షయ ఉందేమోనని ముంజేతికి మాంటూ సూది, టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి, హెచ్.ఐ.వి., సిఫిలిస్. ఆఖరి పేరు వినగానే ఆయన ముఖం నల్లబడింది, నా వైపు చూడలేదు. అక్కడి నర్సమ్మ తెలుగావిడే. "ఇది అందరికీ చేస్తాం, కలెక్టరు వచ్చినా చేస్తాం" అని నవ్వింది. ఆ జబ్బు కంటి లోపల ఏ వాపు వేషమైనా వేయగలదట, పెన్సిలిన్‌తో తగ్గిపోతుందట. అడగడానికి సిగ్గుపడి దాన్ని వదిలేస్తే కన్ను పోతుంది. సిగ్గు మా ఇద్దరికీ అక్కడే పోయింది.

మధ్యాహ్నం చేతి నరంలోకి పసుపుపచ్చ రంగు ఎక్కించి కంటి వెనక ఫోటోలు తీశారు. రంగు నెత్తుటితో పాటు వెళ్ళి, ఎక్కడ కారుతున్నదో అక్కడ వెలుగుతుంది. డాక్టరమ్మ మా ఆయనకు ఆ ఫోటోలు వరసగా చూపించింది. మొదట నల్లటి నేల మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు, కాసేపటికి ఆ చుక్కలు పెరిగి ఒకదానిలో ఒకటి కలిసి మడుగులయ్యాయి. చుక్కల ముగ్గు మీద ఎవరో నీళ్ళు చల్లినట్లుంది అన్నారాయన. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నోట విన్న ఒకే ఒక్క కవిత్వం అది. ఆ రాత్రి నా ఒళ్ళంతా పచ్చగా మారి, మూత్రం నారింజ రంగులో వస్తే కామెర్లని ఆయన కంగారుపడ్డారు. ఒక్కరోజులో పోతుందని ముందే చెప్పారు గానీ భయంలో మరిచిపోయారు.

మూడో రోజు పేరు చెప్పారు. వోగ్ట్, కొయనాగి, హరాడా. ముగ్గురు డాక్టర్ల పేర్లు కలిపిన జబ్బు, చీటీ మీద వి.కె.హెచ్. అని మూడక్షరాలే రాస్తారు. స్విట్జర్లాండుకు చెందిన వోగ్ట్ 1906లో కనురెప్ప వెంట్రుకలు తెల్లబడిన కంటి వాపు గురించి రాశారు. జపానులో కొయనాగి 1914లో, హరాడా 1926లో మిగతా లక్షణాలు రాశారు. ఒంటికి రంగునిచ్చే కణాలు ఉంటాయి కదా, మన ఒంట్లోని కాపలాదారులే, అంటే రోగాలతో పోరాడే కణాలే, వాటిని శత్రువులనుకుని మీద పడటం ఈ జబ్బు. ఆ కణాలు చర్మంలోనే కాదు, కంటి లోపల, చెవి లోపల, మెదడు పొరల్లో, వెంట్రుకల కుదుళ్ళలో కూడా ఉంటాయి. తలనొప్పి, చెవి మోత, మాడు మంట, చూపు - నేను నాలుగు జబ్బులనుకున్నది ఒక్కటే.

మా చిన్నవాడి సైన్సు పుస్తకంలో కంటి గోడకు మూడు పొరలని ఉంది. దృఢస్తరం, రక్తపటలం, నేత్రపటలం. నాకు నా పనిలో పెట్టి చెప్పుకుంటే గానీ బుర్రకెక్కదు. బయటి తెల్లగుడ్డు పైగుడ్డ. దాని కింద రక్తనాళాలతో, నల్లని రంగుతో నిండిన లైనింగు, అదే రక్తపటలం. దానికి ఆనుకుని బొమ్మ పట్టే పల్చటి పొర, నేత్రపటలం, డాక్టర్లు రెటీనా అనేది. పైగుడ్డ ఎంత ఖరీదైనదైనా లోపలి లైనింగును ముందుగా తడిపి ఆరేయకుండా కుడితే, మొదటి ఉతుకుకే అది ముడుచుకుని జాకెట్టు అంతా గుంజుకుపోతుంది. కట్టుకున్నామె పైగుడ్డను తిడుతుంది. నా కంట్లో లైనింగు వాచింది, చెమ్మ ఊరింది, ఆ చెమ్మ రెటీనాను పైకి లేపింది. పైగుడ్డ తెల్లగా మెరుస్తూనే ఉంది.

పేరు తెలిశాక క్షణం ఆగలేదు. ఆ కాపలాదారులను అణచే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడును రోజుకు ఒక గ్రాము చొప్పున మూడు రోజులు సెలైనులో ఎక్కించారు. ఆ తరవాత కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము లెక్కన మాత్రలు, నాకు రోజుకు 50 మిల్లీగ్రాములు. ఆరో రోజున ఆసుపత్రి గోడ మీది తెలుగు అక్షరాలు కనిపించాయి. 'నిశ్శబ్దం పాటించండి' అని గట్టిగా చదివాను.

ఇంతవరకు ఆ ఒంగోలు పెద్దమనిషికి అభ్యంతరం ఉండకపోవచ్చు. ఆయన గొడవ తరవాతి నెలల గురించి. అక్కడ ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ముఖం పున్నమి చంద్రుడిలా ఉబ్బింది. ఆకలి ఆగేది కాదు. నిద్ర రాదు, షుగరు ఎక్కింది, అకారణంగా పిల్లల మీద అరిచాను. నా జాకెట్లన్నిటికీ పక్కల దాచిన కుట్లు విప్పుకున్నాను, అదీ చాలక చంకల కింద ముక్క వేసుకున్నాను. ఎముకలకు కాల్షియం, కడుపుకు వేరే మాత్ర. ఈ మందు ఎక్కువ కాలం వాడితే కంట్లో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం కూడా రావచ్చు. ఇవన్నీ ముందే చెప్పి, ఆరు నెలలకు తక్కువ కాకుండా వాడాలని, కొంచెం కొంచెంగా తగ్గించాలని, మేము చెప్పకుండా ఒక్క పూట కూడా మానవద్దని డాక్టరమ్మ అన్నది.

మానాను. ఆ తప్పు నాది, ఎవరి మీదా తోయను. మూడో నెల, కార్తీక మాసం. చూపు బాగుంది. ఉదయగిరి నుంచి వచ్చిన ఒక దగ్గర బంధువు నా ముఖం చూసి, "ఇంకెన్నాళ్ళు తింటావీ విషం" అన్నది. సరిగ్గా మీ పాఠకుడి మాటే. పది రోజులు మాత్రలు బీరువాలో పెట్టాను. నాలుగో రోజు నుంచి లేస్తే కళ్ళు తిరగడం, వాంతులు, కాళ్ళలో సత్తువ లేదు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథులు రోజూ మనకు అవసరమైనంత స్టెరాయిడును తయారుచేస్తాయి. బయటి నుంచి నెలల తరబడి ఇస్తే అవి పని మానుకుని పడుకుంటాయి. లేపడానికి వ్యవధి ఇవ్వకుండా బయటిది ఆపేస్తే ఒళ్ళు కూలబడుతుంది. కొంచెం కొంచెంగా తగ్గించమనడానికి అదొక కారణం. రెండో కారణం పదో రోజున తెలిసింది. ఈసారి కళ్ళు ఎర్రబడ్డాయి. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్లు. వాపు ఈసారి ముందు గదిలోకి కూడా వచ్చింది.

చెన్నైలో డాక్టరమ్మ కోప్పడలేదు, అదే ఎక్కువ బాధ. మాత్రలు మళ్ళీ పెంచి, వాటితో పాటు అజథయోప్రిన్ అనే ఇంకొకటి మొదలుపెట్టింది. స్టెరాయిడును తగ్గించుకుంటూ పోతే కాపలాదారుల ఆవేశాన్ని అది అణచి ఉంచుతుంది. అది వాడినంత కాలం తెల్ల కణాల లెక్క, కాలేయం పరీక్ష తప్పనిసరి. ఇవీ చాలనివారికి అడలిముమాబ్ అనే ఇంజెక్షను ఉంది, ఇన్ఫెక్షను వల్ల కాని కంటి వాపులకు అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. ఒంట్లో క్షయ దాగి ఉందేమో చూడకుండా దాన్ని మాత్రం ఇవ్వరు. నాకు దాని అవసరం రాలేదు. స్టెరాయిడు పదమూడో నెలలో పూర్తిగా ఆగింది. రెండోది ఇంకా వాడుతున్నాను.

ఈ ఉత్తరం రాయించిన అసలు సంగతి ఇంకొకటి ఉంది. నిరుడు వేసవిలో మా వెనక వీధి అమ్మాయి ఒకామె వచ్చింది. ఆమె తమ్ముడు అల్లూరు దగ్గర రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు, ఇరవై నాలుగేళ్ళు. అతనికి ఒక కంట్లో పొగ కమ్మినట్లుంది, నల్ల నలుసులు ఈదుతున్నట్లున్నాయి. ఎవరో చూసి కంటి వెనక వాపు అన్నారట. "అక్కా, నీదీ అదే కదా. నీకు మిగిలిన మాత్రలు నాలుగు ఇవ్వు, వాడికి వేస్తాను" అని అడిగింది. నా దగ్గర ఉన్నాయి, ముప్ఫై దాకా. ఇవ్వలేదు. నెల్లూరు వెళ్ళి చుక్కలు వేయించుకుని చూపించుకోమన్నాను. ఉన్నది పెట్టడానికి కూడా మనసు రాలేదని ఆమె నాతో వారం మాట్లాడలేదు.

అతనికి వచ్చింది టాక్సోప్లాస్మా. పిల్లి మలంలో ఉండే ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది. మట్టి ద్వారా, నీటి ద్వారా, సరిగ్గా ఉడకని మాంసం ద్వారా మనలో చేరుతుంది, కొందరికి తల్లి కడుపులో ఉన్నప్పుడే చేరుతుంది. 2004లో కోయంబత్తూరులో ఒక్కసారిగా ఎంతోమందికి కళ్ళలో ఇది కనిపిస్తే, ఊరి మంచినీటి సరఫరా మీదికే అనుమానం వెళ్ళింది. అతని కంట్లో పాత మచ్చ ఒకటి, దాని అంచునే కొత్తగా తెల్లటి పుండు, దాని ముందు మసక. పొగమంచులో ఎదురొచ్చే బండి దీపంలా ఉంటుందని డాక్టర్లు దానికి పోలిక చెబుతారట. ధనుర్మాసం తెల్లవారుజామున ట్రంకు రోడ్డు మీద లారీలను చూసినవారికి ఆ పోలిక వివరించనక్కరలేదు. అతనికి మొదట ఇచ్చింది ఆ జీవిని చంపే సల్ఫా జాతి మాత్రలు, రోజుకు రెండు పూటలా, ఆరు వారాలు. అవి మొదలైన రెండు రోజులకు గానీ స్టెరాయిడు కలపలేదు. ఆ సల్ఫా మాత్ర లేకుండా నా దగ్గరి స్టెరాయిడు ఒక్కటే మింగి ఉంటే ఏమయ్యేది? కాపలాదారులు నిద్రపోయేవారు, దొంగ ఇల్లంతా దోచుకునేవాడు. నాకు దొంగలే లేరు, కాపలాదారులే ఇల్లు తగలబెడుతున్నారు. నా చూపు నిలబెట్టిన మాత్ర అతని చూపు తీసేది.

చెన్నైలో నా పక్క బల్ల మీద కూర్చున్న కాలేజీ అమ్మాయికి రక్తపటలంలో మచ్చలు పాములా పాకుతున్నాయి. ఆమెకు మాంటూ సూది వేసిన చోట పెద్ద దద్దురు లేచింది. క్షయ మందులతో పాటే స్టెరాయిడు ఇచ్చారు. దగ్గు లేదు, జ్వరం లేదు, క్షయ కంట్లో ఏమిటని వాళ్ళ నాన్న ఒకటే వాదన. ఆ మందుల్లో ఇథాంబ్యుటాల్ అనేది కంటి నరానికే చేటు చేయవచ్చు గనుక రంగులు గుర్తుపడుతున్నదో లేదో వచ్చినప్పుడల్లా చూసేవారు. ఇంకొకాయనకు ఆటలమ్మ జాతి వైరస్ రెటీనాను అంచుల నుంచి తినేస్తోందని రాత్రికి రాత్రి అసైక్లోవిర్ ఎక్కించారు. ఆయనకు గంటలే లెక్క. ఒకే బల్ల, ఒకే మసక చూపు, మూడు జబ్బులు.

కాబట్టి సంపాదకులు గారూ, ఆ పెద్దమనిషి బంధువుది ఏ జబ్బు? దానంతట అది తగ్గిపోయే రకమా? తెల్ల మచ్చలు వచ్చి కొన్ని వారాల్లో మందు లేకుండానే మాయమయ్యే వాపులు కూడా ఉంటాయని డాక్టరమ్మ చెప్పింది. అలాంటిదైతే పసరు వేసినా తగ్గుతుంది, పసరు వేయకపోయినా తగ్గుతుంది. లేక స్టెరాయిడు ఇవ్వకూడని ఇన్ఫెక్షనా? అయితే మానడం మంచిదే అయింది, కానీ ఆ మంచి నాకు వర్తించదు. పేరు లేకుండా వేసిన ఆ ఉత్తరం చదివి మన రెండు జిల్లాల్లో నాలాంటి ఒక్క మనిషి మాత్రలు బీరువాలో పెట్టినా ఆ కంటికి ఎవరు పూచీ?

పనిలో పనిగా అధికారులకు రెండు మాటలు. శిబిరాలు పెట్టేటప్పుడు శుక్లం లేకుండా చూపు హఠాత్తుగా తగ్గినవారిని, ముఖ్యంగా నడివయసు లోపువారిని, ఇంటికి పంపేయకుండా చుక్కలు వేసి లోపలికి చూసే ఏర్పాటు చేయండి. అక్కడ కుదరకపోతే ఎక్కడ కుదురుతుందో ఒక చీటీ రాసివ్వండి. జబ్బు దొరికేలోపు నాకు పోయిన పదకొండు రోజుల్లో తొమ్మిది రోజులు ఆ చీటీ లేకనే పోయాయి. రెండోది, నాలాంటివారు ఏళ్ళ తరబడి నెత్తుటి పరీక్షలు చేయించుకోవాలి. వాటిని దగ్గరలోని ఏరియా ఆసుపత్రిలో చేసి, ఫలితం ఫోనులో పెద్ద డాక్టరుకు పంపే వీలుంటే నెలకో రోజు కూలి, రైలు ఖర్చు మిగులుతాయి. చాలామంది మందు మానేది మొండితనంతో కాదు, ప్రయాణం చేయలేక.

నా సంగతి. చార్టులో కింది నుంచి రెండో వరుస చదువుతాను. ముదురు రంగు గుడ్డ మీద ముదురు దారంతో పని పగటిపూటే చేస్తాను. కంటి వెనక గోడ రంగు వెలిసి ఎర్రబారిందట. దాన్ని డాక్టర్లు సూర్యాస్తమయ కాంతి అంటారు. ఏ వెంకటగిరి చీరకో పెట్టవలసిన పేరు. ఎడమ కనురెప్ప మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి, కాటుకతో కప్పుతాను. వేళ్ళ మీద రెండు బొల్లి మచ్చలున్నాయి. అంటదు, వంశపారంపర్యంగా పిల్లలకు సంక్రమించే జబ్బూ కాదని ఎన్నిసార్లు చెప్పినా, మా అమ్మాయికి సంబంధాలు చూసేవారి చూపు ముందు నా వేళ్ళ మీదే పడుతోంది. అందుకే నా పేరు వేయవద్దని మనవి.

నిరుడు నెల్లూరు రొట్టెల పండగకు వెళ్ళి స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె తీసుకున్నాను. కోరిక తీరింది గనుక ఈ ఏడు ఇచ్చే వరుసలో నిలబడ్డాను. నా చేతి రొట్టె తీసుకున్న ఒక పెద్దావిడ కంటి కోసమే వచ్చింది. రొట్టె తినమని, మందు మానవద్దని, ఏ జబ్బో డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోమని చెప్పాను. రొట్టెకు ఇన్ని షరతులా అని ఆమె నవ్వింది.

ఆ ఒంగోలు పెద్దమనిషి చిరునామా మీ దగ్గర ఉంటుంది. ఆయన బంధువు జబ్బు పేరేమిటో రాయమనండి. పసరు వేశాక మళ్ళీ చుక్కలు వేయించుకుని కంటి లోపల చూపించుకున్నారో లేదో, చూపించుకుంటే అది ఏ నెలలోనో కూడా రాయమనండి.

ఇట్లు,
జాకెట్లు కుట్టే ఒక పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా